పదిహేడో లాకు దాకా

చక్రధర్, విజయశ్రీ తమ పడవను కెనజోహరీ అనే చిన్న ఊరి గట్టుకు కట్టేసిన సాయంత్రం వాన మొదలైంది. మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున వెలిసింది కానీ మోహాక్ నది తగ్గలేదు. ఎర్రమట్టి కలిసిన నీళ్ళలో చెట్ల కొమ్మలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో బాస్కెట్‌బాల్ కొట్టుకుపోతున్నాయి. నది తగ్గేదాకా లాకులన్నీ మూసేస్తున్నామని కాలువ వాళ్ళు ఫోన్‌కి మెసేజ్ పంపారు. ఇక ముందుకూ వెళ్ళలేరు, వెనక్కీ వెళ్ళలేరు.

"ఎన్ని రోజులట?" అని అడిగింది విజయశ్రీ.

"అంటిల్ ఫర్దర్ నోటీస్ అట. మూడు రోజులు కావచ్చు, పది కావచ్చు," అన్నాడు చక్రధర్ ఫోన్ పక్కన పడేసి.

ఆమెకు లోలోపల సంతోషమే వేసింది. గట్టు మీద బోర్డు చదివినప్పటి నుంచీ ఆ ఊళ్ళో ఆమె చూడాలనుకున్నది ఒకటుంది. కెనజోహరీ అంటే అక్కడి మోహాక్ జాతి వాళ్ళ భాషలో 'తనను తాను కడుక్కునే గిన్నె' అని అర్థమట. "అలాంటి గిన్నె ఒక్కటి ఇంట్లో ఉంటే నా చేతులు ఇలా అరిగేవి కాదు కదా," అని ఆ మధ్యాహ్నమే భర్తను వెంటబెట్టుకుని చూడటానికి వెళ్ళింది. ఊరి పక్క వాగులో, రాతి నేలలో గుండ్రటి పెద్ద గొయ్యి. నీళ్ళు అందులోకి దూకి, గిర్రున తిరిగి, అడుగున ఉన్న మట్టినంతా పైకి తోడి బయటికి నెట్టేస్తున్నాయి. ఆమె పావుగంట అలాగే చూసింది. ఆయన రెండు నిమిషాలు చూసి, మోకాలు నొప్పెడుతోందని ఒక బండ మీద కూర్చున్నాడు.

ఇద్దరూ నిరుడు ఒకే నెలలో రిటైరయ్యారు. న్యూజెర్సీలో పార్సిప్పనీలో ఇరవయ్యేడేళ్ళ కాపురం. చక్రధర్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేస్‌లు చూసేవాడు. విజయశ్రీ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసింది. రోజుకు వంద గాజు పలకలు మైక్రోస్కోపు కింద పెట్టి, అన్నీ ఒకేలా ఉన్నచోట తేడాగా ఉన్న ఒక్కదాన్ని పట్టుకోవడం ఆమె ఉద్యోగం. పడవ పిచ్చి మాత్రం ఆయనదే. ఆరేళ్ళు యూట్యూబ్‌లో పడవల వీడియోలు చూసి చూసి, చివరికి ఒక రిటైర్డ్ టీచర్ దగ్గర ఇరవయ్యేడు అడుగుల పాత సెయిల్‌బోట్ కొన్నాడు. దాని వెనక 'మిస్ డోరతీ' అని రాసి ఉంది. ఆ డోరతీ ఎవరో అమ్మినాయనకీ తెలియదు. ఆయన కొనేటప్పటికే ఆ పేరుందట.

హడ్సన్ నది మీద పైకి వెళ్ళి, మోహాక్ నది వెంట సాగే ఎరీ కెనాల్ పట్టుకుని బఫెలో చేరి, అక్కడ పెద్ద సరస్సులో తెరచాప ఎత్తాలని ప్లాను. పాట్‌లక్ విందులో స్నేహితులు, "క్రూజా? బఫే బాగుంటుందా?" అని అడిగారు. వండుకునేదీ నడుపుకునేదీ మేమేనని చెబితే జాలిపడ్డారు. క్యారీలో ఉంటున్న కూతురు మేధ ఫోన్ చేసి, "అమ్మా, నీకు స్విమ్మింగ్ కూడా రాదు కదా! నాన్న ఈజ్ క్రేజీ, ఓకే, బట్ నువ్వు ఎందుకు వెళ్తున్నావ్?" అంది.

"ఎలా ఉంటుందో చూద్దామనే," అంది విజయశ్రీ. ఆమె దగ్గర అంతకన్నా పెద్ద కారణం లేదు.

ఎరీ కెనాల్ మీద వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి. అందుకని కాలువలోకి వచ్చేముందే క్రేన్‌తో తెరచాప కట్టే మాస్టు దింపించి, పడవ మీద చెక్క స్టాండ్లు వేసి పొడుగ్గా పడుకోబెట్టారు. అది ముందుకు కొంత, వెనక్కి కొంత పొడుచుకుని ఉంటుంది. దాని కొనకు విజయశ్రీ ఒక ఎర్ర గుడ్డ కట్టింది, ఇనప ఊచల లారీకి కట్టినట్టు. ఇంజను మీదే ప్రయాణం, గంటకు ఆరు మైళ్ళు.

లాకులంటే ఆమెకు కొత్త కాదు. నిడదవోలులో చదువుకునే రోజుల్లో విజ్జేశ్వరం లాకుల మీదుగా బస్సులో వెళ్ళేది. కానీ లాకు లోపలికి పడవలో వెళ్ళడం వేరు. ఎత్తయిన రెండు సిమెంటు గోడల మధ్యకు పడవ వెళ్తుంది. వెనక గేటు మూసుకుంటుంది. కింది నుంచి నీళ్ళు ఉబికి వస్తాయి, పడవ మెల్లగా పైకి లేస్తుంది. పై నీటి మట్టానికి రాగానే ముందు గేటు తెరుచుకుంటుంది. నీళ్ళతో కట్టిన మెట్టు అనుకోవాలి. ఆ లేచేటప్పుడే కష్టం. పడవ అటూ ఇటూ ఊగకుండా గోడకు వేలాడే పాకుడు పట్టిన తాళ్ళను పట్టుకుని ఉండాలి. చుక్కాని పట్టేది చక్రధర్. తాడు పట్టేది విజయశ్రీ. ఇలా పన్నెండు లాకులు దాటారు, ఈ కాలువలో నంబర్లు రెండుతో మొదలవుతాయి కాబట్టి చివరిది పదమూడో నంబరు. పన్నెండింట్లోనూ ఆయన వెనక నుంచి "విజయా! తాడు! తాడు!" అని అరుస్తూనే ఉన్నాడు, ఆమె తాడు పట్టుకుని ఉన్నా సరే.

*

గట్టుకు వాళ్ళది కాక ఇంకొక్క పడవే కట్టేసి ఉంది. ఆకుపచ్చ రంగు వేసిన చిన్న చెక్క మోటారు పడవ. వార్నిష్ తళతళలాడుతోంది. కిటికీలకు పరదాలు. పగలంతా లోపలి నుంచి ఎవరూ బయటికి రారు. కానీ వెనక భాగంలో ఉన్న జెరేనియం పూల కుండీలో మట్టి మాత్రం రోజూ పొద్దున్నే తడిగా ఉంటోంది.

"ఎవరో ఉన్నారండీ అందులో," అంది విజయశ్రీ.

"ఉంటే ఉన్నారు. మనకెందుకు?" అన్నాడు చక్రధర్.

ఆమె దృష్టి కుండీ మీది నుంచి తాడు మీదికి పోయింది. ఆ పడవ రెయిలింగ్ నుంచి గట్టు మీద దీపం స్తంభానికి, అక్కడి నుంచి నీళ్ళ కుళాయికి, అక్కడి నుంచి బాత్రూమ్ గది తలుపు దాకా, నడుం ఎత్తున ఒక సన్నని నైలాన్ తాడు లాగి కట్టి ఉంది.

"బట్టలారేసుకోడానికి అయ్యుంటుంది," అన్నాడాయన.

"ఐదు రోజుల్లో ఒక్క బట్టయినా చూశారా?"

ఆయన చూడలేదు. ఆమె ఆ తాడు వెంబడి నడిచింది. దానికి అక్కడక్కడా ముడులున్నాయి. కుళాయి దగ్గర ఒక ముడి. గట్టు మెట్టు ఎక్కేచోట పక్కపక్కనే రెండు ముడులు. బాత్రూమ్ తలుపుకు అడుగు దూరంలో మూడు. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది, ఈసారి కళ్ళు మూసుకుని, తాడు మీద చెయ్యి ఆనించి. రెండు ముడులు వేళ్ళకు తగలగానే ఆగి కాలెత్తింది. మెట్టు సరిగ్గా అక్కడే ఉంది.

మర్నాడు తెల్లవారుతుండగా ఏలకుల టీ పెట్టుకుని పైకొచ్చి కూర్చుంది. ఆకుపచ్చ పడవ తలుపు తెరుచుకుంది. పొడుగ్గా, సన్నగా, ఎనభై దాటిన తెల్లాయన బయటికొచ్చాడు. కుండీ మట్టిలో వేలు గుచ్చి చూసి, మగ్గుతో నీళ్ళు పోశాడు. తర్వాత తాడు మీద ఎడమ చెయ్యి వేసి నడక సాగించాడు. రెండు ముడుల దగ్గర ఆగి కాలెత్తాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె "గుడ్ మార్నింగ్" అంది.

ఆయన ఉలిక్కిపడలేదు. "గుడ్ మార్నింగ్. మాస్టు వీపు మీద మోసుకొచ్చిన పడవ వాళ్ళు కదూ? మీ టీ వాసన రోజూ నన్ను లేపుతోంది. ఒక్క మాట అడగనా? మీరొచ్చిన రోజు మీ ఆయన ఒకటే పేరు పెట్టి అరిచారు. తాడు, తాడు అని. ఎవరాయన? మీ దేవుడా?"

విజయశ్రీ నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. "తాడంటే రోప్ అండీ," అంది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుతున్న మొహం ఆమెకు ఒక పక్కగా, ఆమె భుజం వైపు తిరిగి ఉంది. ఆమె ఇంకో కప్పులో టీ పోసి ఇచ్చి, మెల్లగా అడిగింది. "మీకు ఎంతవరకు కనిపిస్తుంది?"

ఆయన తడుముతూ కప్పు అందుకున్నాడు. "ఇక్కడ పదహారు రోజుల నుంచి ఉన్నాను. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మీరే," అన్నాడు.

ఆయన పేరు వెండెల్. ఈ కాలువ మొదట్లో ఉన్న వాటర్‌ఫర్డ్ ఊరాయనది. కళ్ళ జబ్బు వల్ల రెండేళ్ళుగా చూపు మధ్యభాగం పోయింది, అంచుల్లో మాత్రం వెలుగు, ఆకారాలు తెలుస్తాయి. ఆ పడవ ఆయన పదకొండు చలికాలాలు కూర్చుని సొంతంగా చేసుకున్నది. నిరుటి దాకా ఆయన భార్య జీన్ పక్కన నిలబడి చెబుతుంటే ఆయన నడిపేవాడు. ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. ఇక పడవ తనకెందుకని, లిటిల్ ఫాల్స్‌లో ఉన్న తమ్ముడి కూతురు రూత్‌కి ఇచ్చేద్దామనుకున్నాడు. రూత్ పడవను రోడ్డు మీద లాక్కొచ్చే ట్రైలర్ పంపిస్తానంది. ట్రైలర్ మీద వద్దు, ఎవరో తెలిసినతను తీసుకొస్తున్నాడని అబద్ధం చెప్పి ఒక్కడే బయల్దేరాడు.

"ఒక్కరే పన్నెండు లాకులు ఎలా దాటారు?"

"ముందు ఒక పడవ పోతుంటే దాని మోటారు చప్పుడు పట్టుకుని వెనకే పోయేవాణ్ణి. లాకులో గోడ ఎంత దూరమో నా ఇంజను చప్పుడు తిరిగొచ్చే తీరును బట్టి తెలుస్తుంది. నలభైసార్లు పోయిన దారి. కానీ పదమూడో లాకులో ముందు పడవ ఆగిందని తెలుసుకోలేకపోయాను. గుద్దబోయాను. అందులో ఒక పాప కేక పెట్టింది." ఆయన కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆ కేక విన్నాక మళ్ళీ ఇంజను స్టార్ట్ చేయలేదు."

లిటిల్ ఫాల్స్ అక్కడికి ఇరవై మైళ్ళు. మధ్యలో నాలుగు లాకులు. నాలుగోది పదిహేడో నంబరుది, నలభై అడుగుల ఎత్తు లేపుతుంది.

*

"నేను ఆయన పడవ నడుపుతాను," అంది విజయశ్రీ, మధ్యాహ్నం పప్పన్నం తింటుండగా.

చక్రధర్ ముద్ద కంచంలో పెట్టేశాడు. "నువ్వా? చుక్కాని ఎప్పుడైనా పట్టుకున్నావా?"

"మీరు ఎప్పుడైనా ఇచ్చారా? బోటింగ్ పరీక్షలో నాకు తొంభై ఆరు. మీకు ఎనభై ఎనిమిది."

"అది మల్టిపుల్ చాయిస్ విజయా! ఇది నది. లయబిలిటీ అంటే తెలుసా నీకు? ఏదైనా అయితే వాళ్ళ ఫ్యామిలీ మనల్ని సూ చేస్తుంది."

"అయితే ముందు ఫ్యామిలీకే చెబుదాం. లాకు వాళ్ళకీ చెబుదాం. అబద్ధంతో నడిపే పని నాకూ ఇష్టం లేదు."

అసలు బెంగ అప్పుడు బయటపడింది. "మరి మన బోట్?"

"మీరున్నారుగా."

"నేనొక్కణ్ణే లాకులోకా? చుక్కానీ నేనే, తాడూ నేనేనా?"

ఆమె ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. వెండెల్ ఒప్పుకుంటే చూద్దామన్నాడు చక్రధర్. ఒప్పుకోడని ఆయన ఆశ.

వెండెల్ మొదట ఒప్పుకోలేదు. చెబితే రూత్ ట్రైలర్ తెస్తుందన్నాడు. విజయశ్రీ పట్టు విడవలేదు. "ఆ పాప కేక మీకు ఇంకా వినిపిస్తోంది కదా. నేను మీ పడవ ఎక్కితే లాకు మీద మనిషికి మన సంగతి తెలిసి ఉండాలి. లేకపోతే నేను రాను," అంది. ఆయన ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున టీకి వచ్చినప్పుడు ఫోన్ ఆమె చేతికిచ్చి రూత్ నంబరు నొక్కమన్నాడు.

అరగంటలో రూత్ కారులో వచ్చేసింది. యాభై ఏళ్ళ మనిషి, కుడి మణికట్టుకు కట్టు. ముందు పెదనాన్నను చెడామడా తిట్టింది. తర్వాత ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని విజయశ్రీ వైపు తిరిగింది.

"మీరు ఎన్నేళ్ళుగా బోట్లు నడుపుతున్నారు?"

"నడపలేదు. సర్టిఫికెట్ ఉంది. తొంభై ఆరు మార్కులు," అంది విజయశ్రీ.

రూత్ ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి పకపకా నవ్వింది. "నా చెయ్యి విరక్కుండా ఉంటే నేనే నడిపేదాన్ని. సరే, నది తగ్గాక ఇక్కడే ఒక రోజు ప్రాక్టీస్ చేయండి. నాకు నచ్చితేనే కదలాలి," అంది.

ఎనిమిదో రోజుకు నది తగ్గింది. రూత్ గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. విజయశ్రీ లైఫ్ జాకెట్ బిగించుకుని ఆకుపచ్చ పడవ చక్రం ముందు నిలబడింది. మొదటిసారి గట్టు వదిలినప్పుడు చక్రం కుడికి తిప్పితే ముందు భాగం కుడికీ, వెనక భాగం ఎడమకీ జరగడం చూసి ఆమెకు ఆశ్చర్యం వేసింది. కారులా కాదు ఇది. తిప్పాక ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత జరుగుతుంది, జరిగాక ఒక పట్టాన ఆగదు. "ఎందుకలా?" అని అడిగింది. వెండెల్ చెప్పాడు. ఇంకొకటి అడిగింది. అదీ చెప్పాడు. సాయంత్రానికి పదకొండుసార్లు గట్టుకు తెచ్చి కట్టింది. అందులో నాలుగుసార్లు గుద్దింది. వెండెల్ ప్రతిసారీ, "ఏం ఫరవాలేదు, రంగు నా దగ్గరుంది," అన్నాడు. రూత్ కుర్చీ మడిచి, "రేపు తొమ్మిదింటికి లాకు తెరుస్తారు. నేను కారులో ప్రతి లాకు దగ్గరా ఉంటాను," అంది.

*

పొద్దున తొమ్మిదికి ఆకుపచ్చ పడవ ముందు, మిస్ డోరతీ వెనక కదిలాయి. విజయశ్రీ రేడియోలో పద్నాలుగో లాకును పిలిచి, తన పక్కన ఉన్నాయనకు చూపు లేదనీ, తను కొత్త అనీ, వెనక వచ్చేది తన భర్త అనీ, ఆయన ఒక్కడే ఉన్నాడనీ వివరంగా చెప్పింది. అటు నుంచి, "మేడమ్, నిదానంగా రండి. ఇవాళ నాకు వేరే పనేమీ లేదు," అని వినిపించింది.

పచ్చ లైటు వెలిగింది. గోడల మధ్యకు వెళ్తుండగా వెండెల్ ఆమె మోచేతిని తాకాడు. "వినండి. ఇప్పుడు చప్పుడు మారుతుంది."

నిజంగానే మారింది. అప్పటిదాకా చదునుగా పోతున్న ఇంజను చప్పుడు డబ్బాలో పెట్టినట్టు గుండ్రంగా అయింది. "ఎడమ గోడ దగ్గరవుతోంది, నాలుగడుగులు," అన్నాడాయన. ఆమె చూసింది. నాలుగడుగులే. పన్నెండు లాకుల్లో తను ఎప్పుడూ ఆ చప్పుడు వినలేదు. ఆ శబ్దాన్ని వెనక నుంచి వచ్చే అరుపు మింగేసి ఉంటుంది.

పడవను గోడకు ఆనించి, వేలాడే తాడును వెండెల్ చేతికందించింది. ఆయన దాన్ని అందుకుని నిశ్చింతగా నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే చక్రధర్ చుక్కాని వదిలి పరుగున ముందుకొచ్చి తాడు పట్టుకుంటున్నాడు. అదృష్టవశాత్తూ అందింది.

పదిహేనో లాకులో అందలేదు. ఆయన తాడు కోసం చెయ్యి చాచేలోపు గాలి మిస్ డోరతీని గోడ నుంచి దూరంగా తోసింది. పడవ అడ్డం తిరిగింది. ఎర్ర గుడ్డ కట్టిన మాస్టు కొన ఎదురు గోడ వైపు గీరుకుంటూ పోసాగింది. చక్రధర్ పడవ మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తున్నాడు. ఎవర్ని పిలవాలో, ఏమని అరవాలో తెలియలేదు. పైనున్న లాకు మనిషి నీళ్ళు వదలకుండా ఆపేశాడు.

"ఏమైంది? చెప్పండి నాకు," అన్నాడు వెండెల్. విజయశ్రీ చెప్పింది. ఆయన గొంతెత్తాడు. "సార్! ముందూ వద్దు, వెనకా వద్దు. మీ పడవ సరిగ్గా మధ్యలో ఒక ఇనప కొక్కెం ఉంటుంది. దానికి ఒక్క తాడు కట్టండి. కట్టాక మెల్లగా గోడ దగ్గరికి పోనిచ్చి, వేలాడే తాడు వెనక నుంచి దాన్ని తిప్పి లాగి పట్టుకోండి. అంతే. అక్కడే నిలబడండి."

చక్రధర్ ఒక తాడు తెచ్చాడు. కొక్కేనికి కట్టాడు. వేలాడే తాడు వెనక నుంచి తిప్పబోతే రెండుసార్లు తప్పిపోయింది, మూడోసారి పడింది. పడవ గోడకు అంటుకుని నిలిచింది. పైనుంచి రూత్ ఎడమ చేత్తోనే రెయిలింగ్ మీద కొట్టి మెచ్చుకుంది. చక్రధర్ తడిసిన చొక్కా చేతితో మొహం తుడుచుకుని భార్య వైపు చూశాడు. ఆమె చక్రం వైపు తిరిగింది. తన పడవలో తను చేయాల్సిన పని ఉంది.

పదహారో లాకు దాటాక గట్టు పక్కన ఆగి అందరూ పులిహోర తిన్నారు. రూత్‌కి ఆవాలంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. చక్రధర్ గబగబా తిన్నాడు. తర్వాత లేచి వెండెల్ దగ్గర కూర్చున్నాడు.

"ఆ మధ్య కొక్కెం సంగతి ఏ వీడియోలోనూ చూడలేదు నేను," అన్నాడు.

"నాకు జీన్ చెప్పింది. తను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు పరిగెత్తీ పరిగెత్తీ విసిగిపోయి కనిపెట్టుకుంది. నేను చక్రం దగ్గర నిలబడి ఆర్డర్లు వేసేవాణ్ణి లెండి," అన్నాడు వెండెల్.

చక్రధర్ నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "ఇవాళ పొద్దున్నుంచి మూడు లాకులు. నా చేతులు చూడండి," అన్నాడు. తర్వాత, వెండెల్‌కి కనబడదని గుర్తొచ్చి, "బొబ్బలెక్కాయి," అని చెప్పాడు.

*

పదిహేడో లాకు దూరం నుంచే భయపెట్టింది. దాని కింది గేటు పక్కకు తెరుచుకోదు. గోడంత సిమెంటు పలక నిలువునా పైకి లేస్తుంది. దాని కింది నుంచి, మీద బొటబొటా పడుతున్న నీళ్ళలో తడుస్తూ పడవ లోపలికి పోవాలి. విజయశ్రీ తల పైకెత్తి చూసి, "ఇది మన మీద పడితే?" అంది.

"వందేళ్ళుగా పడలేదు. ఇవాళ పడదు," అన్నాడు వెండెల్.

లోపల సగం చీకటి, చల్లదనం. నూతిలో ఉన్నట్టుంది. వెనక పలక దిగి మూసుకుంది. నీళ్ళు కింది నుంచి నల్లగా పొంగడం మొదలుపెట్టాయి. చక్రధర్ వెనక తన తాడు పట్టుకుని బిగుసుకుని నిలబడ్డాడు.

"జీన్ ఇక్కడ మాట్లాడేది కాదు. తనకు ఇక్కడ భయం. ఏముందో చెప్పండి. గోడ మీద ఏముంది?" అన్నాడు వెండెల్.

విజయశ్రీ గోడ వైపు చూసింది. ల్యాబ్‌లో మొదటి గాజు పలక పెట్టుకుని చూసినట్టు, తొందర లేకుండా చూసింది. "కింద నల్లటి పాకుడు. దానికి గోరంత చిప్పలు వందలు అంటుకుని ఉన్నాయి, చారల చారలుగా. వాటిపైన పాకుడు లేత పసుపుగా మారింది. ఇప్పుడు ఒక పగులు వచ్చింది. అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. అమ్మో, ఆగండి."

"ఏంటి?"

"ఆ పగుల్లో ఫెర్న్ మొక్క ఉంది. నా అరచెయ్యంత. మూడు ఆకులు. కొసన ఇంకో ఆకు చుట్టచుట్టుకుని ఉంది, ఇంకా విప్పుకోలేదు."

"ఇక్కడా? ఎండ రాని చోట? రోజూ మునిగి తేలే చోట?"

"ఇక్కడే. మీ ఎడమ చెయ్యి చాచండి. ఇంకొంచెం. త్వరగా, నీళ్ళు లేస్తున్నాయి."

వెండెల్ వేళ్ళు గోడ మీద పాకి ఆ ఆకుల మీద ఆగాయి. పడవ లేస్తున్నకొద్దీ చెయ్యి కిందికి జరుపుతూ వంగాడు. చివరికి నీళ్ళు మొక్కను కప్పేశాక తడిచేత్తో నిటారుగా నిలబడ్డాడు. "నలభైసార్లు వచ్చాను. అప్పుడు కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. గేటు ఎప్పుడు తెరుస్తారా అని పైకి చూసేవాణ్ణి," అన్నాడు.

పైకొచ్చేసరికి ఎండ కళ్ళలో కొట్టింది. నలభై అడుగుల కింద వదిలిన నది వెనక ఎక్కడో ఉంది. ముందు గేటు తెరుచుకుంది. అక్కడి నుంచి రూత్ వాళ్ళ రేవు అరమైలు. వెడల్పాటి నీళ్ళు, వేరే పడవ లేదు. విజయశ్రీ చక్రం వదిలి పక్కకు జరిగింది.

"మీరే నడపండి. నేను చెబుతాను."

వెండెల్ వచ్చి చక్రం పట్టుకున్నాడు. "కొంచెం ఎడమ. చాలు. తిన్నగా. ఇంకొంచెం ఎడమ," అని ఆమె చెబుతూ పోయింది. రేవు మీద రూత్ నిలబడి ఉంది. ఆఖరి పది అడుగులు ఆయన ఇంజను ఆపేసి పడవను ఊరికే పోనిచ్చాడు. గుద్దలేదు. చిన్న చప్పుడు కూడా కాలేదు. రూత్ కట్టులేని చేత్తో తాడు అందుకుంది. వెండెల్ చక్రం మీద అరచెయ్యి ఒకసారి రాసి, తాళం చెవి తీసి రూత్ చేతిలో పెట్టాడు.

*

మర్నాడు పొద్దున మిస్ డోరతీ గట్టు వదిలేముందు ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఇక నుంచి బేసి నంబరు లాకుల్లో విజయశ్రీ చుక్కాని పట్టాలి, సరి నంబరు లాకుల్లో చక్రధర్ పట్టాలి అని తేల్చుకున్నారు. మొదట రోజు మార్చి రోజు అనుకున్నారు గాని, కొన్ని రోజులు లాకులే ఉండవని ఆమె ఒప్పుకోలేదు.

వచ్చేది పద్దెనిమిది. చక్రధర్ చుక్కాని దగ్గర కూర్చున్నాడు. లాకులోకి వెళ్తుండగా ఏదో చెప్పడానికి నోరు తెరిచి, ఆమె అప్పటికే తాడు పట్టుకుని ఉండటం చూసి ఊరుకున్నాడు. వెనక గేటు మూసుకుంది. విజయశ్రీ ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని వెండెల్‌కి వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టింది. రోజూ ఒకటి పంపమని ఆయన అడిగాడు. చూసింది చూసినట్టు చెప్పాలి, బాగుంది, అందంగా ఉంది లాంటి మాటలు వద్దు అని కూడా అన్నాడు.

"పద్దెనిమిదో లాకు. తొమ్మిదీ ఇరవై. మూసి ఉన్న ముందు గేటు మీద ఒక బూడిద రంగు పెద్ద కొంగ నిలబడి ఉంది. మేం వచ్చాం, కదల్లేదు. నీళ్ళు లేస్తున్నాయి, కదల్లేదు. ఒంటికాలి మీద ఉంది. ఇప్పుడు గేటు తెరుచుకుంటోంది. గేటుతో పాటే అదీ తిరుగుతోంది, నిలబడే."

పైన లాకు మనిషి కనిపించాడు. ఆమె ఫోన్ పట్టుకునే గట్టిగా అడిగింది. "ఈ కొంగ రోజూ ఇలాగే చేస్తుందా?"

"ప్రతి పడవకీ," అన్నాడతను. "గేటు తెరిచినప్పుడు చేపలు ఎటు కొట్టుకొస్తాయో దానికి తెలుసు."

"విన్నారా? చేపల కోసమట," అంది ఆమె ఫోన్‌లోకి. అప్పుడే కొంగ మెడ సాచి నీళ్ళలోకి ఒక్క పోటు పొడిచింది. ముక్కున వెండిలా మెరిసేది ఏదో కొట్టుకుంటోంది. "ఏమండీ, కొంచెం ఆపండి, ఏ చేపో చూద్దాం," అంది విజయశ్రీ. చక్రధర్ ఇంజను తగ్గించి, తనూ లేచి నిలబడి చూశాడు.